ఐస్‌బాక్స్‌లో పెట్టిన పేగు ఎన్ని గంటలు ఆగుతుంది? జ్యోతినగర్‌ నుంచి హైదరాబాద్‌ దూరం ఇక్కడ ఎందుకు లెక్కలోకి వస్తుంది?

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్‌ మెట్రో ఒక గుండెను ఎల్బీనగర్‌ నుంచి లక్డీకాపూల్‌కు చేర్చింది. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. ఆ వీడియో మీ వాట్సాప్‌కు కూడా వచ్చే ఉంటుంది. అందులో అందరి చూపూ రైలు మీద, పరుగెత్తుతున్న డాక్టర్ల మీద ఉంటుంది. అసలు చూడాల్సింది వాళ్ల చేతిలోని పెట్టెను.

‘ఐస్‌లోనే ఉంది కదా, అంత పరుగు ఎందుకు?’ ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ కామెంట్లలో కనిపించే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన కూర రెండు రోజులు ఆగుతుంది. 4 డిగ్రీల చల్లదనంలో ఉన్న గుండె నాలుగైదు గంటలు దాటితే ఎందుకు పనికిరాకుండా పోతుంది?

గుండె సంగతి చాలామందికి ఎంతోకొంత తెలుసు. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన మరో వార్త మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఉస్మానియా జనరల్‌ ఆసుపత్రిలో డాక్టర్‌ సీహెచ్‌ మధుసూదన్‌ నేతృత్వంలోని బృందం 40 ఏళ్ల వ్యక్తికి చిన్నపేగు మార్పిడి చేసింది. బ్రెయిన్‌డెడ్‌ అయిన దాత నుంచి తీసుకున్న పేగు అది. తెలంగాణలో ఇలాంటి మార్పిడి ఇదే మొదటిదని ఆసుపత్రి ప్రకటించింది. చల్లదనాన్ని బాగా తట్టుకునే అవయవం కిడ్నీ అయితే, చాలా తక్కువగా తట్టుకునేవాటిలో చిన్నపేగు ఒకటి.

ఇప్పుడు మీరు జ్యోతినగర్‌లో ఉంటున్నారనుకోండి. ఎన్టీపీసీ టౌన్‌షిప్‌ నుంచి బయల్దేరితే రాజీవ్‌ రహదారి మీద హైదరాబాద్‌ సుమారు 230 కిలోమీటర్లు. మామూలుగా నాలుగైదు గంటల ప్రయాణం. గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల వాళ్లకూ అటూఇటుగా అదే లెక్క. పేగుకు ఉన్న సమయమూ, ఈ దారికి పట్టే సమయమూ దాదాపు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఈ కథనం ఆ లెక్క గురించే.

పేగు మార్చాల్సిన అవసరం ఎవరికి వస్తుంది?

మన చిన్నపేగు పొడవు సుమారు ఆరు మీటర్లు. తిన్నది ఒంటికి పట్టేది అక్కడే. పేగుకు రక్తం తెచ్చే ప్రధాన ధమనిలో గడ్డ కట్టినా, పేగు మెలిక పడి కుళ్లినా డాక్టర్లు ఆ భాగాన్ని కోసి తీసేయాల్సి వస్తుంది. లేకపోతే ప్రాణం దక్కదు. మిగిలిన పేగు రెండు మీటర్ల కంటే తక్కువైతే దాన్ని ‘షార్ట్‌ గట్‌’ అంటారు. ఉస్మానియాలో మార్పిడి చేయించుకున్న వ్యక్తిదీ ఇదే పరిస్థితి. రక్తనాళంలో గడ్డ కట్టడంతో అంతకుముందే చిన్నపేగు తీసేయాల్సి వచ్చింది.

అలాంటి మనిషి అన్నం తింటాడు, నీళ్లు తాగుతాడు. అవి ఒంటికి పట్టవు. పెద్ద సిరలోకి గొట్టం వేసి గ్లూకోజ్‌, అమినో ఆమ్లాలు, కొవ్వులు, లవణాలు నేరుగా రక్తంలోకి ఎక్కించాలి. రోజూ, గంటల తరబడి. కొందరు ఏళ్ల తరబడి ఇలా నెట్టుకొస్తారు. మరికొందరికి గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్లు మళ్లీమళ్లీ వస్తాయి, లివర్‌ దెబ్బతింటుంది, గొట్టం వేయడానికి సిరలే మిగలవు. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. మార్పిడి గురించి ఆలోచించేది అప్పుడే.

ఈ ఆపరేషన్‌ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని మినెసోటాలో రిచర్డ్‌ లిల్లెహై 1959లోనే కుక్కల మీద చేసి చూశారు. మనుషుల్లో నిలదొక్కుకోవడానికి మాత్రం మరో మూడు దశాబ్దాలు పట్టింది. పేగులో రోగనిరోధక కణాలు విపరీతంగా ఉంటాయి కాబట్టి కొత్త శరీరం దాన్ని గట్టిగా తిరస్కరిస్తుంది. టాక్రోలిమస్‌ లాంటి మందులు వచ్చాక ఆ చిక్కు కొంత తగ్గింది. చల్లదనం చిక్కు అలాగే ఉంది.

చల్లబరిస్తే కణం ఆగిపోతుందా?

ఆగదు. నెమ్మదిస్తుంది, అంతే. 37 డిగ్రీల ఒంటి వేడి నుంచి 4 డిగ్రీలకు దించితే కణం చేసే పని దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అంటే గంటకు కావాల్సిన ఇంధనం పది గంటలకు సరిపోతుంది అనుకోవచ్చు. కానీ లోపలికి కొత్త ఇంధనం రావడం పూర్తిగా బందయింది. ట్యాంకులో ఉన్నంతే.

పూర్తిగా గడ్డకట్టిస్తే ఆగుతుంది కదా అంటారేమో. కణాల్లో నీళ్లు ఎక్కువ. గడ్డకడితే మంచు పలుకులు కణాల గోడలను చీల్చేస్తాయి. డీప్‌ఫ్రీజర్‌లో పెట్టి తీసిన టమాటా ఎలా మెత్తబడుతుందో మీరు చూసే ఉంటారు. అందుకే అవయవాన్ని నేరుగా ఐస్‌కు తగలనివ్వరు. చల్లటి ద్రావణం నింపిన సంచిలో పెట్టి, దాని మీద ఇంకో సంచి, ఆపైన మరొకటి వేసి, అప్పుడు ఐస్‌ పెట్టెలో ఉంచుతారు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ప్రతి కణం గోడలోనూ చిన్న పంపులు ఉంటాయి. సోడియంను బయటికి తోసి, పొటాషియంను లోపలికి లాగడం వాటి పని. అవి నడవాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. అది తగ్గితే పంపు నిలుస్తుంది. సోడియం లోపలికి చేరుతుంది, దాని వెంట నీళ్లు చేరతాయి, కణం ఉబ్బుతుంది. భూగర్భ గనిలో కరెంటు పోయి నీళ్లు తోడే పంపు ఆగితే ఏమవుతుందో కోల్‌బెల్ట్‌ పాఠకులకు విడమర్చి చెప్పాల్సిన పనిలేదు.

ముందుగా దెబ్బతినేది లోపలి పొర

ఈ ఉబ్బు ఏ అవయవానికైనా తప్పదు. పేగుకు మాత్రం ఇంకో మూడు కష్టాలు అదనం.

పేగు లోపలి గోడను సూక్ష్మదర్శినిలో చూస్తే మఖ్మల్‌ బట్టలా ఉంటుంది. లక్షల కొద్దీ సన్నటి వేళ్లలాంటివి లేచి ఉంటాయి. బడి పుస్తకాల్లో వీటిని ఆంత్రచూషకాలు అని చదువుకున్నాం. ప్రతి చూషకంలోకి రక్తం తెచ్చే నాళమూ, తీసుకెళ్లే నాళమూ పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో సాగుతాయి. దాంతో కొసకు చేరకముందే ఆక్సిజన్‌ అడ్డదారిలో రెండో నాళంలోకి జారిపోతుంది. మనం హాయిగా ఉన్న రోజుల్లో కూడా చూషకం కొస అరకొర ఆక్సిజన్‌తోనే బతుకుతుంది. సరఫరా ఆగితే మొదట దెబ్బ పడేది ఆ కొసకే. ఇది మొదటి కష్టం.

రెండోది, అక్కడి కణాలు చాలా చురుకైనవి. మూడు నుంచి ఐదు రోజులకోసారి లోపలి పొర మొత్తం కొత్తదవుతుంది. అంత వేగంగా పనిచేసే చోట ఇంధనం కూడా వేగంగా అయిపోతుంది.

మూడోది, పేగు లోపల ఉన్న సరుకు. గుండె లోపల రక్తం తప్ప మరేమీ ఉండదు. పేగులో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా, మాంసాన్ని అరిగించే ఎంజైములు ఉంటాయి. పొర బిగువుగా ఉన్నంతసేపు అవి తమ హద్దులో ఉంటాయి. బిగువు సడలితే అవే ఎంజైములు పేగు గోడ మీదే పని మొదలుపెడతాయి.

దెబ్బ ఒక వరుసలో సాగుతుంది. ముందు చూషకం కొస దగ్గర పై పొరకూ, కింది కణజాలానికీ మధ్య నీరు చేరి బుడగలా లేస్తుంది. ఎండకు గోడ మీది పెయింటు ఉబ్బినట్టు. ఆ ఉబ్బు పక్కల నుంచి కిందికి పాకుతుంది. తర్వాత కొసలు ఊడి చూషకం నగ్నంగా మిగులుతుంది. ఆ తర్వాత చూషకాలే పోతాయి. చివరికి వాటి మొదళ్లలో ఉండే చిన్న గుంటలు, వైద్యులు క్రిప్ట్‌లు అనేవి, దెబ్బతింటాయి. పాథాలజిస్టులు దీన్ని 0 నుంచి 8 వరకు అంకెలతో కొలుస్తారు. ఆ కొలబద్దకు పార్క్‌-చియు స్కోరు అని పేరు.

ఇక్కడ ఒక మంచి మాట ఉంది. కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఆ మొదళ్లలోనే ఉంటాయి. అవి బతికి ఉంటే పైన ఊడిపోయినా కొద్ది రోజుల్లో చూషకాలు మళ్లీ మొలుస్తాయి. చెట్టు కొమ్మలు నరికినా వేరు ఉంటే చిగురించినట్టు. కాబట్టి డాక్టర్ల అసలు ప్రశ్న ‘దెబ్బ తగిలిందా’ అని కాదు. ఏదో ఒక మేరకు తగిలే ఉంటుంది. దెబ్బ మొదళ్ల దాకా వెళ్లిందా లేదా అన్నదే తేల్చాల్సింది.

దానికి పట్టే సమయం జంతువును బట్టి, ద్రావణాన్ని బట్టి, దాత పరిస్థితిని బట్టి మారుతుంది. ఎలుకల్లో వేగంగా, మనుషుల్లో కాస్త నిదానంగా సాగుతుంది. ఆచరణలో మార్పిడి కేంద్రాలు పెట్టుకునే హద్దులు ఇంచుమించు ఇలా ఉంటాయి. గుండెకు నాలుగు నుంచి ఆరు గంటలు, ఊపిరితిత్తులకు ఆరు నుంచి ఎనిమిది, లివర్‌కు ఎనిమిది నుంచి పన్నెండు. కిడ్నీ ఒక రోజంతా, అవసరమైతే ఇంకాస్త ఎక్కువసేపు కూడా ఆగుతుంది. చిన్నపేగును ఆరేడు గంటల్లోపు రక్తంతో కలపాలని చూస్తారు. ఎనిమిది దాటితే చాలా కేంద్రాలు వెనకాడతాయి.

అసలు దెబ్బ రక్తం తిరిగి వచ్చాక

చల్లటి పెట్టెలో జరిగే నష్టం సగమే. మిగతా సగం పేగును కొత్త శరీరంలో కలిపి, రక్తం వదిలాక జరుగుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఆక్సిజన్‌ లేక దెబ్బతిన్నదానికి ఆక్సిజన్‌ ఇస్తే బాగుపడాలి కదా?

ఇది గోదావరిఖని వాళ్లకు హైదరాబాద్‌ వాళ్ల కంటే తేలిగ్గా అర్థమవుతుంది. బొగ్గు తీసేసిన గోఫ్‌లో మిగిలిన బొగ్గు తనంతట తాను వేడెక్కుతుంది. అందుకే ఆ ప్యానెల్‌ను గోడ కట్టి సీల్‌ చేస్తారు. గాలి అందక మంట అణుగుతుంది. కానీ వేడి లోపల ఉండే ఉంటుంది. తొందరపడి సీల్‌ తెరిస్తే గాలి లోపలికి వెళ్లీ వెళ్లగానే మంట మళ్లీ భగ్గుమంటుంది. గనుల్లో సీల్‌ తెరవాలంటే లోపలి గాలిని పరీక్షించి, ఆచితూచి తెరిచేది ఇందుకే.

పేగులో జరిగేది దీనికి చాలా దగ్గర. చల్లదనంలో ఏటీపీ ఖర్చయిపోతూ దాని చెత్త మిగులుతుంది. అందులో హైపోజాంథిన్‌ అనే పదార్థం ఒకటి. ఆక్సిజన్‌ లేనంతసేపు అది ఊరకే పడి ఉంటుంది. రక్తంతో పాటు ఆక్సిజన్‌ ఒక్కసారిగా రాగానే జాంథిన్‌ ఆక్సిడేజ్‌ అనే ఎంజైము దాన్ని మండిస్తుంది. ఆ క్రమంలో పుట్టే ఫ్రీ రాడికల్స్‌ కణాల గోడలను తినేస్తాయి. ఈ ఎంజైము పేగు పొరలో బాగా ఎక్కువ. దానికితోడు తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి వాపు పెంచుతాయి. పొర అప్పటికే సడలి ఉంటే బ్యాక్టీరియా, వాటి విషాలు నేరుగా రక్తంలోకి దిగుతాయి. రోగికి అప్పటికే తిరస్కరణను ఆపే మందులు ఇచ్చి రోగనిరోధక శక్తిని తగ్గించి ఉంటారు. అలాంటి ఒంట్లోకి ఇన్ఫెక్షన్‌ వస్తే ఏమవుతుందో ఊహించండి. కిడ్నీ కాస్త మొరాయిస్తే కొన్నాళ్లు డయాలసిస్‌తో నడపొచ్చు. దెబ్బతిన్న పేగుకు బదులు పనిచేసే యంత్రం లేదు.

అందుకే మార్పిడి తర్వాత పేగు చివరి భాగాన్ని కొన్నాళ్లు పొట్ట మీదికి తెరిచి ఉంచుతారు. ఆ దారిలో కెమెరా పంపి లోపలి పొరను చూస్తారు, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. పొట్ట మీద సంచి చూసి రోగి బంధువులు కంగారు పడతారు. ఆపరేషన్‌ చెడిపోయిందని అనుకోవద్దు. డాక్టర్లు కావాలనే తెరిచి పెట్టుకున్న కిటికీ అది.

మంచి ద్రావణాలు రాలేదా?

వచ్చాయి. 1980ల చివర్లో అమెరికాలోని విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయంలో ఫోల్కర్ట్‌ బెల్జర్‌, జేమ్స్‌ సదర్డ్‌ తయారుచేసిన ద్రావణం లివర్‌ మార్పిడి తీరునే మార్చింది. కణం ఉబ్బకుండా చూసే పెద్ద అణువులు అందులో ఉంటాయి. ఆరేడు గంటలే ఆగే లివర్‌కు దాంతో రెట్టింపు సమయం దొరికింది. పేగుకు మాత్రం ఆ లాభం పెద్దగా అందలేదు. కారణం పైన చెప్పుకున్నదే. ద్రావణాన్ని రక్తనాళాల్లోంచి పంపుతారు, దెబ్బ మొదలయ్యేది నాళాలకు దూరంగా ఉన్న కొసల దగ్గర.

అందుకని కొందరు పరిశోధకులు రెండో వైపు నుంచి వెళ్లారు. పేగు బోలుగా ఉండే గొట్టం కదా, లోపలి నుంచే ద్రావణం నింపితే? కెనడాలోని అల్బెర్టాలో అమినో ఆమ్లాలున్న ద్రావణంతో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పాలీఇథిలీన్‌ గ్లైకాల్‌ ఉన్న ద్రావణంతో ప్రయత్నించారు. ప్రయోగాల్లో పొర ఊడటం ఆలస్యమైంది. ఈ పాలీఇథిలీన్‌ గ్లైకాల్‌ మీకు తెలియనిదేమీ కాదు. కొలనోస్కోపీ ముందు రోజు నీళ్లలో కలుపుకొని తాగమని ఇచ్చే పొడి ఆ కుటుంబానిదే. ఇంకోవైపు అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయంలో పేగులోకి ద్రావణాన్ని నిరంతరం పంపించే యంత్రాన్ని తయారుచేశారు. ఇవేవీ ఇంకా రోజువారీ వాడకంలోకి రాలేదు. ఈ రోజుకు పేగును కాపాడే పద్ధతి పాతదే. చల్లటి ద్రావణం, సంచి, ఐస్‌, తొందర.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

చాలామంది పొరబడేది ఇక్కడే. బ్రెయిన్‌డెడ్‌ అని ప్రకటించిన క్షణం నుంచి గడియారం మొదలవదు. వెంటిలేటర్‌ మీద ఉన్న దాత గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, అవయవాలకు రక్తం అందుతూనే ఉంటుంది. ఆపరేషన్‌ థియేటర్‌లో ప్రధాన ధమనికి క్లాంపు వేసి, చల్లటి ద్రావణం వదిలిన నిమిషం నుంచి లెక్క మొదలు. అవతల రోగి ఒంట్లో రక్తనాళాలు కలిపి క్లాంపు తీసేదాకా లెక్కే.

ఇప్పుడొక ఊహ లెక్క వేద్దాం. గోదావరిఖనిలో ఒక ఆసుపత్రిలో రాత్రి 10 గంటలకు క్లాంపు వేశారనుకుందాం. పేగును విడదీసి, సంచుల్లో సర్ది బయటికి తెచ్చేసరికి 11. పోలీసులు గ్రీన్‌ ఛానెల్‌ ఇచ్చారు, అంబులెన్స్‌ పెద్దపల్లి, కరీంనగర్‌, సిద్దిపేట దాటి మూడున్నర గంటల్లో హైదరాబాద్‌ చేరింది. తెల్లవారుజామున 2.30. అక్కడ పేగు రక్తనాళాలను శుభ్రం చేసి సిద్ధం చేయాలి. తర్వాత రోగి రక్తనాళాలతో కలిపి కుట్టాలి. రెంటికీ కలిపి గంటన్నర. అన్నీ సవ్యంగా సాగితే తెల్లవారుజామున 4. మొత్తం ఆరు గంటలు. దారిలో ఒక లారీ అడ్డం పడితే, రోగి పొట్టలో పాత ఆపరేషన్ల అతుకులు విడదీయడానికి మరో గంట పడితే ఏడు. గుండె అయితే ఈ దారిలో దాదాపు అసాధ్యం. కిడ్నీ అయితే తొందర లేదు. పేగు సరిగ్గా అంచు మీద ఉంది.

2021 ఫిబ్రవరిలో మెట్రో మొదటిసారి గుండెను నాగోల్‌ నుంచి జూబ్లీహిల్స్‌కు 21 కిలోమీటర్లు అరగంట లోపు చేర్చింది. నగరంలో అది గొప్ప సౌకర్యమే. కానీ అది నగరం లోపలి దూరం. మనకు మెట్రో లేదు, బసంత్‌నగర్‌ ఎయిర్‌స్ట్రిప్‌ నుంచి విమానాలూ ఎగరడం లేదు. ఉన్నది రాజీవ్‌ రహదారి.

దీనికి ఒక దారి ఉంది. అవయవానికి బదులు దాతనే హైదరాబాద్‌కు తరలించడం. గుండె కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి దారి పొడవునా గడియారం మొదలవదు. కోల్‌బెల్ట్‌లో తలకు పెద్ద గాయమైతే కుటుంబాలు చాలాసార్లు చికిత్స కోసమే కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పరుగెత్తుతాయి కాబట్టి ఇది కొంతవరకు తనంతట తానే జరిగిపోతుంది. కానీ ఆశ లేదని తెలిశాక, దానం కోసం మాత్రమే నాలుగు గంటలు ప్రయాణం చేయమని ఒక తల్లినో భార్యనో అడగడం వేరు. దారిలో బీపీ పడిపోతే ఏ అవయవమూ దక్కదు. అందులోనూ పేగు విషయంలో దాతను చాలా జాగ్రత్తగా ఎంచుకుంటారు. వయసు తక్కువై ఉండాలి, ఐసీయూలో ఎక్కువ రోజులు ఉండకూడదు, బీపీ నిలబెట్టే మందులు తక్కువగా వాడి ఉండాలి, ఒళ్లు రోగి కంటే చిన్నదై ఉండాలి. పేగు లేని రోగి పొట్ట కుంచించుకుపోయి ఉంటుంది, పెద్ద పేగు పట్టదు. ఇన్ని షరతులకు సరిపోయే దాత అరుదు. అలాంటి ఒకరు దొరికినప్పుడు దూరం వల్ల పోగొట్టుకోవడం పెద్ద నష్టం.

చట్టంలో మారింది ఏమిటి?

1994లో కేంద్రం తెచ్చిన అవయవ మార్పిడి చట్టం ఉండగానే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ 1995లో సొంత చట్టం చేసుకుంది. కేంద్రం 2011లో తన చట్టాన్ని సవరించింది. మనం పాత రాష్ట్ర చట్టంతోనే చాలా ఏళ్లు నడిచాం. 2025 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ కేంద్ర చట్టాన్ని అనుసరించేందుకు తీర్మానం చేసింది. పేపర్లలో ఇది కిడ్నీ రాకెట్ల మీద కఠిన శిక్షల వార్తగానే ఎక్కువగా కనిపించింది. మనలాంటి ఊళ్లకు అంతకంటే ముఖ్యమైన రెండు సంగతులు ఆ సవరణలో ఉన్నాయి.

ఒకటి, మార్పిడి చేసే ఆసుపత్రి కాకపోయినా, ఐసీయూ, ఆపరేషన్‌ థియేటర్‌ ఉండి అవయవాలను సేకరించడానికి మాత్రమే రిజిస్టర్‌ అయ్యే వీలు. సర్జన్ల బృందం హైదరాబాద్‌ నుంచి వచ్చి తీసుకెళ్లొచ్చు. రామగుండంలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి, జ్యోతినగర్‌లో ఎన్టీపీసీ ధన్వంతరి ఆసుపత్రి ఉన్నాయి. జనం పన్నులతోనో, ప్రభుత్వ సంస్థల డబ్బుతోనో నడిచే ఆసుపత్రులివి. ఇలాంటి రిజిస్ట్రేషన్‌ గురించి అడగాలంటే ముందు అడగాల్సింది ఇలాంటి చోటే.

రెండోది, బ్రెయిన్‌డెత్‌ నిర్ధారణ. నలుగురు వైద్యుల ప్యానెల్‌ ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకం పెట్టాలి. వారిలో ఒకరు న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్‌ అయి ఉండాలి. జిల్లాల్లో పని ఆగిపోయేది ఇక్కడే. వాళ్లు అందుబాటులో లేకపోతే సర్జన్‌ లేదా ఫిజీషియన్‌, దాంతోపాటు మత్తు డాక్టర్‌ లేదా ఐసీయూ నిపుణుడిని నియమించుకోవచ్చని 2011 సవరణ చెబుతోంది. ఆ డాక్టర్లు ఆ అవయవ మార్పిడి బృందంలో ఉండకూడదు. న్యూరాలజిస్టు లేని ఊళ్లో కూడా నిర్ధారణ జరగడానికి చట్టం తలుపు తీసింది. ఆ తలుపులోంచి ఎన్ని ఆసుపత్రులు వెళతాయన్నది జీవోల మీద, జిల్లా వైద్యాధికారుల పట్టుదల మీద ఆధారపడి ఉంటుంది. నా ఉద్దేశంలో ఒక కొత్త అంబులెన్స్‌కు జెండా ఊపడం కంటే ఈ కాగితం పని ఎక్కువ ప్రాణాలు నిలబెడుతుంది. జెండా ఊపితే ఫొటో వస్తుంది, అదొక్కటే తేడా.

మీకు పనికొచ్చే విషయాలు

అవయవం కోసం ఎదురుచూసే వాళ్లు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. హైదరాబాద్‌ నిమ్స్‌ కేంద్రంగా నడిచే ఈ ప్రభుత్వ పథకమే తెలంగాణలో అవయవాలను కేటాయిస్తుంది. నమోదు మీరు చికిత్స పొందే మార్పిడి ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది. దళారి చేస్తానంటే నమ్మొద్దు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం స్థానిక నివాస ధ్రువీకరణ షరతును తీసేయాలని రాష్ట్రాలకు చెప్పింది, వయసు హద్దునూ ఎత్తేసింది.

పేగు, గుండె లాంటి వాటి కోసం ఎదురుచూస్తూ కోల్‌బెల్ట్‌లో ఉంటున్న వారికి దూరం రెండోసారి అడ్డొస్తుంది. దాత దొరికినప్పుడు ఫోన్‌ ఏ అర్ధరాత్రో వస్తుంది. సాధారణంగా దాత ఆపరేషన్‌ మొదలవకముందే చేస్తారు కాబట్టి కొంత వ్యవధి ఉంటుంది. కానీ పేగు హైదరాబాద్‌ చేరే సమయానికి మీ పొట్ట తెరిచి సిద్ధంగా ఉండాలి, మీరు కరీంనగర్‌ బైపాస్‌లో ఉంటే కుదరదు. వీలైతే ఆ కాలం హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో ఉండండి. వీలుకాకపోతే రాత్రివేళ ఏ కారు, ఏ డ్రైవర్‌ అన్నది ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇద్దరి ముగ్గురి ఫోన్‌ నంబర్లు కోఆర్డినేటర్‌కు ఇవ్వండి. తెలియని నంబర్లను బ్లాక్‌ చేసే యాప్‌ ఉంటే తీసేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఫోన్‌ ఎత్తకపోతే అవయవం వరుసలో తర్వాతి వారికి వెళ్లిపోతుంది.

దానం చేయాలనుకునే వాళ్లు జీవన్‌దాన్‌ వెబ్‌సైట్‌లో ప్రతిజ్ఞ చేసి కార్డు తీసుకోవచ్చు. అయితే మన దగ్గర ఆ సమయానికి కుటుంబం ఒప్పుకోకపోతే ఎవరూ ముందుకెళ్లరు. కార్డు పర్సులో పెట్టుకొని ఇంట్లో చెప్పకపోతే లాభం లేదు. ప్రమాదం కేసు అయితే పోలీసు పంచనామా, పోస్టుమార్టం కూడా ఉంటాయి. అవయవాల సేకరణకు అవి అడ్డంకి కావు, రెండూ సర్దుబాటు చేసుకొని చేస్తారు. సేకరణకయ్యే ఖర్చు దాత కుటుంబం మీద పడదు. ఎవరైనా బిల్లు చేతికిస్తే జీవన్‌దాన్‌కు ఫిర్యాదు చేయండి.

కుటుంబం ఆలోచించుకోవడానికి తీసుకునే గంటల గురించి ఒక మాట. ఇంత తొందర గురించి చదివాక, ఐసీయూ బయట కూర్చున్న వాళ్లను కూడా తొందరపెట్టాలేమో అనిపించవచ్చు. అక్కర్లేదు. వెంటిలేటర్‌ మీద బీపీ నిలకడగా ఉన్నంతసేపు పేగు గడియారం మొదలవలేదు. ఏడవడానికి, ఊరి నుంచి పెద్దన్న వచ్చేదాకా ఆగడానికి, మళ్లీ ఒకసారి డాక్టర్‌ను అడగడానికి సమయం ఉంటుంది. పరుగు క్లాంపు వేశాకే, అది డాక్టర్లది, డ్రైవర్లది, ట్రాఫిక్‌ పోలీసులది.